లివింగ్‌స్టన్ గారు ఇంటికి వచ్చిన వేసవి దినములు

చదువవలసిన వాక్యభాగములు: 121వ కీర్తన, మార్కు సువార్త 10:28–31, 1 తిమోతి 5:8

ఎండలు ముదిరి బడులు మూసిరంటే మన పల్లెలలో ఇండ్లు నిండును. పట్నములో పనిచేయు కుమారుడు వచ్చును. అత్తవారింటనున్న కుమార్తె పిల్లలను వెంటబెట్టుకొని పుట్టింటికి వచ్చును. రాత్రివేళ ఆరుబయట మంచములు వేసికొని అందరును చాలా ప్రొద్దుపోవువరకు మాటలాడుకొందురు. ఇంటికి వచ్చుట అనునది ఎంత మధురమైనదో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. అయితే సువార్త నిమిత్తము దూరదేశము వెళ్లిన వానికి ఇంటికి వచ్చుట ఎట్లుండును? ఆయన కొరకు ఇంటి యొద్ద కనిపెట్టిన భార్యకు, తల్లికి, పిల్లలకు ఎట్లుండును? ఈ మాసము మేము ఆ సంగతి ఆలోచింప గోరి, డేవిడ్ లివింగ్‌స్టన్ గారి కుటుంబమును మీ యెదుట ఉంచుచున్నాము.

లివింగ్‌స్టన్ గారి పేరు మన సండేస్కూలు పిల్లలకు సహితము తెలియును. సింహము నోటబడి బ్రదికినవాడనియు, ఆఫ్రికా ఖండమును ఒక సముద్రము నుండి మరియొక సముద్రము వరకు దాటినవాడనియు, బానిసల వ్యాపారమును లోకమునకు బయలుపరచినవాడనియు వారు నేర్చుకొందురు. అవన్నియు నిజమే. అయితే ఆయన 1840లో ఇల్లు విడిచినది మొదలుకొని 1873లో మరణించువరకు, 32 సంవత్సరములకు పైగా గడిచిన కాలములో, ఇంటికి వచ్చినది రెండుసార్లు మాత్రమే అని చెప్పువారు తక్కువ. ఆ రెండు రాకలలో ఆయన హృదయమును మనము చూడగలము.

ఒక గదిలో పెరిగిన బాలుడు

ఆయన 1813 మార్చి 19వ తేదీన స్కాట్లండు దేశమందు క్లైడ్ నది యొడ్డున నున్న బ్లాంటైర్ అను గ్రామములో పుట్టిరి. అది ప్రత్తినూలు మిల్లు చుట్టు వెలసిన ఊరు. తండ్రి నీల్ గారు ఇంటింటికి తేయాకు అమ్ముచు, దానితోపాటు సువార్త కరపత్రములు పంచువారు. తల్లి ఆగ్నెస్ గారు. కుటుంబమంతయు ఒక్క గదిలో కాపురముండెను. డేవిడ్‌కు పది యేండ్లు రాగానే మిల్లు పనికి పంపిరి. ఉదయము ఆరు గంటలకు మొదలుపెట్టి రాత్రి ఎనిమిది గంటలవరకు పని. మొదటి వారపు కూలి తెచ్చి తల్లి యొడిలో వేసెను. అందులో కొంత సొమ్ముతో ఒక లాటిన్ వ్యాకరణము కొనుక్కొనెను. నూలు వడకు యంత్రముమీద పుస్తకము తెరచిపెట్టి, అటు ఇటు తిరుగునప్పుడెల్ల ఒక్కొక్క వాక్యము చదువుకొనుచు ఉండెను. ఆ యంత్రముల హోరులో మనస్సును నిలుపుకొనుట అప్పుడే అలవాటాయెను. ఈ మాట మరల ముందుకు వచ్చును గనుక చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఆయన వైద్యము చదివి చైనా దేశము వెళ్లగోరిరి. అక్కడ యుద్ధము రేగినందున అది సాగలేదు. ఆఫ్రికా దక్షిణ భాగములో పనిచేయుచున్న రాబర్ట్ మోఫట్ గారి మాటలు విని మనస్సు అటు త్రిప్పుకొనిరి. 1840 నవంబరు 17వ తేదీన తెల్లవారకముందే ఇంటివారందరు లేచిరి. డేవిడ్ 121వ కీర్తనయు 135వ కీర్తనయు చదివి ప్రార్థన చేసెను. పిమ్మట తండ్రియు కుమారుడును గ్లాస్గో పట్టణమునకు కాలినడకను పోయి, ఓడరేవు యొద్ద ఒకరినొకరు విడిచిరి. భూమిమీద వారు మరల కలిసికొనలేదు.

పోక రాకలయందు ప్రభువు కాపాడునని చెప్పు ఆ కీర్తన చదివి ఆయన బయలుదేరెను. ఆ కాపుదల ఎట్టిదో తెలిసికొనుటకు ఆ కుటుంబమునకు చాలా సంవత్సరములు పట్టెను.

ఇల్లు లేని ఇల్లాలు

1844లో మబోట్సా అను చోట సింహము ఆయనమీద పడి ఎడమ చేతి ఎముకను నమిలివేసెను. ఆ గాయము మానుటకు ఆయన కురుమాన్ అను మిషను స్థలమునకు వెళ్లినప్పుడు మోఫట్ గారి పెద్ద కుమార్తె మేరీ గారిని చూచిరి. 1845లో వారికి వివాహమాయెను. మేరీ గారు ఆఫ్రికాలోనే పుట్టి పెరిగినవారు. ఆ దేశ భాష, ఎండ, నీళ్ల కొరత, ఎద్దుబండ్ల ప్రయాణము ఇవన్నియు ఆమెకు అలవాటే. రొట్టె కాల్చుట, సబ్బు, కొవ్వొత్తులు చేయుట, చిన్నపిల్లలకు బడి చెప్పుట ఆమె పని. కొలొబెంగు అను చోట భర్త తన చేతులతో ఇల్లు కట్టెను. ఆ కుటుంబమునకు తమదని చెప్పుకొనదగిన చివరి ఇల్లు అదే.

రాబర్ట్, ఆగ్నెస్, థామస్ అను ముగ్గురు పిల్లలు పుట్టిన తరువాత 1850లో ఎలిజబెత్ అను శిశువు పుట్టి ఆరు వారములలోనే చనిపోయెను. పిల్లలను, గర్భిణియైన భార్యను వెంటబెట్టుకొని ఆయన క్రొత్త దేశములు వెదకుచు ఎడారిమార్గమున పోయిరి. మేరీ గారి తల్లి అల్లునికి ఘాటుగా మందలింపు ఉత్తరము వ్రాసిరి. అయినను ప్రయాణము ఆగలేదు. 1851లో విలియం ఆస్వెల్ అను కుమారుడు దారిలో నది యొడ్డుననే పుట్టెను.

జ్వరములుగల ఆ మార్గములలో పిల్లలు బ్రదుకరని తండ్రికి తోచెను. కాబట్టి 1852 ఏప్రిల్‌లో కేప్‌టౌను రేవులో భార్యను, నలుగురు పిల్లలను ఇంగ్లండుకు పోవు ఓడ ఎక్కించిరి. పెద్దవానికి ఆరేండ్లు, చిన్నవాడు ఇంకను చంటిబిడ్డ. ఆయన ఉత్తరమునకు తిరిగి వెళ్లిరి. ఆ సంవత్సరమే బోయర్లు కొలొబెంగు ఇంటిని దోచి పాడుచేసిరి. తిరిగి వెళ్లుటకు అక్కడ కూడ ఇల్లు లేకపోయెను.

మనము సాధారణముగా ఈ చోటనుండి భర్త వెంట వెళ్లుదుము. ఆయన పశ్చిమ తీరమున లువాండా పట్టణమునకు చేరుట, మరల తూర్పునకు తిరుగుట, 1855 నవంబరులో గొప్ప జలపాతమును చూచి దానికి విక్టోరియా రాణి పేరు పెట్టుట, ఇవన్నియు చదివి సంతోషింతుము. ఈసారి మేరీ గారి వెంట వెళ్లుదము. ఆమెకు బ్రిటను దేశము సొంత దేశము కాదు. చలి ఎరుగని శరీరము. మిషనువారిచ్చు కొద్ది సొమ్ము నలుగురు పిల్లలకు చాలకుండెను. హామిల్టనులోని అత్తమామలతో కొంతకాలమున్నను పొసగలేదు. ఊరినుండి ఊరికి, అద్దె గదినుండి అద్దె గదికి, స్నేహితుల ఇండ్లకు తిరుగుచు నాలుగున్నర యేండ్లు గడిపిరి. నెలల తరబడి భర్తయొద్దనుండి ఉత్తరము రాదు. ఆ దినములలో ఆమె విశ్వాసము కూడ బహుగా నలిగెను. లోకమంతయు భర్తను పొగడుచుండగా ఆమె దుఃఖము ఎవరికిని కనబడలేదు. ప్రభువుకు కనబడెనని మేము నమ్ముచున్నాము.

మొదటి రాక

1856 డిసెంబరులో లివింగ్‌స్టన్ గారు బ్రిటను చేరిరి. సౌతాంప్టను పట్టణములో మేరీ గారు ఎదురుచూచుచుండిరి. ఆయనను ఆహ్వానించుచు ఆమె స్వయముగా కొన్ని పద్యములు వ్రాసియుంచిరి. పదహారేండ్లు ఆఫ్రికా భాషలలోనే బ్రదికినందున ఆయనకు ఇంగ్లీషు మాటలు తడుముకొనవలసివచ్చెను.

అయితే ఒకరు ఎదురుచూచి చూచి వెళ్లిపోయిరి. తండ్రి నీల్ గారు ఆ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీననే ప్రభువునందు నిద్రించిరి. ఆయన మరణశయ్యమీద ఉన్నప్పుడు డేవిడ్‌ను చూడవలెనని ఎంతో కోరిరి. కాని ప్రభువు చిత్తము జరుగునుగాక అని ఒప్పుకొని, కుమారుని గూర్చి తెలిసికొనదగినది అక్కడ తనకు తెలియుననుకొనుచున్నానని వానితో చెప్పుమని కుమార్తెకు చెప్పిరి. ఇంటికి వచ్చిన డేవిడ్ పొయ్యి ప్రక్కన తండ్రి కూర్చుండు ఖాళీ కుర్చీని చూచి కన్నీరు విడిచిరి. రాజులు, పండితులు సన్మానించిన ఆ మనిషి తన కథలన్నియు ముందుగా చెప్పదలచినది ఆ కుర్చీలోని వానికే.

1857 వేసవిలో ఆయన లండనుకు సమీపమున బార్నెట్ అను చోట భార్యాపిల్లలతో ఉండి తన ప్రయాణముల గ్రంథమును వ్రాసిరి. వ్రాయు గదిలోనే పిల్లలు ఆడుకొనుచు అల్లరిచేయుచుండిరి. మిల్లు యంత్రముల హోరులో చదివిన ఆయనకు ఆ అల్లరి అడ్డము కాలేదు. ఇందుకే ఆ సంగతి జ్ఞాపకముంచుకొనుడని పైన చెప్పితిమి. ప్రొద్దువాలినప్పుడు అందరును అడవిలోనికి షికారు పోవుదురు. నడచుచు నడచుచు తండ్రి హఠాత్తుగా పొదలలో దూరి దాగుకొనును. పిల్లలు వెదకుచు రాగా మీదికి ఉరికి వారిని బెదరించి నవ్వించును. ఆఫ్రికాలో ఆయన తప్పిపోయెనని భయపడిన పిల్లలు ఇప్పుడు ఆటకు తప్పిపోయిన తండ్రిని వెదకి పట్టుకొనిరి. ఆ కుటుంబము కలిసియున్న వేసవులలో అంత సంతోషమైనది మరియొకటి లేదు.

గ్రంథము నవంబరులో వెలువడి వేలకొలది ప్రతులు అమ్ముడుపోయెను. ఆ సొమ్ములో పిల్లల చదువుకు కొంత కేటాయించిరి. ఆయన మిషను సంఘమును విడిచి ప్రభుత్వపు ఉద్యోగిగా జాంబెజీ నదికి పోవుటకు ఏర్పాటాయెను. 1858 మార్చిలో మేరీ గారిని, ఆరేండ్ల ఆస్వెల్‌ను వెంటబెట్టుకొని ఓడ ఎక్కిరి. రాబర్ట్, ఆగ్నెస్, థామస్ అను ముగ్గురిని స్కాట్లండులో నాయనమ్మ యొద్ద విడిచిరి.

రెండు రాకల మధ్య

దారిలో మేరీ గారు గర్భవతియని తెలిసినందున కేప్‌టౌనులో దిగి కురుమానులోని తల్లిదండ్రుల యొద్దకు పోయిరి. అక్కడ 1858 నవంబరు 16వ తేదీన అన్నా మేరీ అను కుమార్తె పుట్టెను. పిదప ఆమె విడిచివచ్చిన పిల్లలను చూచుటకు స్కాట్లండుకు తిరిగివచ్చిరి. భర్త యొద్ద నుండిన పిల్లలకు దూరము. పిల్లల యొద్ద నుండిన భర్తకు దూరము. ఆ తల్లి హృదయము ఎటు చీలెనో తల్లులైనవారికి తెలియును. తుదకు పిల్లలను బంధువులకు, స్నేహితులకు అప్పగించి, 1862 జనవరి చివరను జాంబెజీ నది ముఖద్వారమున భర్తను చేరిరి. మూడు నెలలు నిండకముందే, ఏప్రిల్ 27వ తేదీన, షుపంగా అను చోట జ్వరముతో మరణించిరి. ఒక పెద్ద బావోబాబ్ చెట్టు క్రింద ఆమెను సమాధిచేసిరి. ఎన్నో మరణములను చూచి తట్టుకొనిన ఆ మనిషి ఆ మంచము ప్రక్కన చిన్నబిడ్డవలె ఏడ్చెను.

జాంబెజీ పని అనుకొన్నట్లు సాగలేదు. నదిలో రాతి ప్రవాహములు అడ్డము వచ్చెను. తోటివారిలో కొందరు జ్వరములతో చనిపోయిరి. ప్రభుత్వము వెనుకకు రమ్మనెను. ఆయన తన చిన్న పొగఓడను తానే నడిపి హిందూ మహాసముద్రము దాటి 1864 జూన్‌లో బొంబాయి చేరిరి. ఆ ఓడలో సూసీ, చూమా అను ఆఫ్రికా యువకులుండిరి. వారి పేర్లు కూడ జ్ఞాపకముంచుకొనుడు. చూమాను బొంబాయిలో డాక్టర్ విల్సన్ గారి మిషను బడికి అప్పగించి ఆయన ఇంటికి ప్రయాణమైరి.

రెండవ రాక

1864 జూలై 23వ తేదీన లండను చేరి, ఆగస్టు 1వ తేదీన హామిల్టను వెళ్లిరి. తల్లి ఆగ్నెస్ గారికి అప్పటికి ఎనుబది దాటెను. గుమ్మములో నిలిచిన కుమారుని ఆమె మొదట ఆనవాలు పట్టలేదు. ఎండకు నల్లబడి, జ్వరములకు కృశించి, నెరసిన గడ్డముతో వచ్చిన వానిని ఎట్లు పట్టగలదు? ఇంటిలో మరియొకతె కూడ ఆయనను ఎరుగదు. అన్నా మేరీకి అయిదేండ్లు దాటినవి. తండ్రి కుమార్తెను చూచుట అదే మొదటిసారి. తల్లిని ఆదరముతో చూచిన వైద్యునికి కృతజ్ఞత చెప్పుటకు ఆయన నడచి వెళ్లుచుండగా ఆ చిన్నది ప్రక్కన నడచుచు, తన గౌనుకు ఏ తీరు బొత్తాములు ఇష్టమో తండ్రికి చెప్పెను. ఎంత చిన్న మాట! అయినను ఆయన దానిని తన దినచర్య పుస్తకములో వ్రాసికొనిరి. అయిదేండ్ల ఆకలి గల తండ్రికి బొత్తాముల మాట కూడ విందే.

తరువాత థామస్, ఆగ్నెస్, ఆస్వెల్ వచ్చిరి. పెద్దవాడు రాబర్ట్ రాలేదు. అతడు తండ్రిని కలిసికొనుటకు ఆఫ్రికా దక్షిణ తీరమునకు వెళ్లి, చేరలేక, అమెరికాకు పోయి, అక్కడి అంతర్యుద్ధములో ఉత్తరపు సైన్యమందు వేరొక పేరుతో చేరెను. ఇంటిపేరుకు మచ్చ రాకూడదని పేరు మార్చుకొన్నట్లు తండ్రికి వ్రాసెను. తండ్రి అతనితో కఠినముగా ఉండినవాడే. ఎవరెవరినో అడిగి కుమారుని విడిపించుటకు ప్రయత్నించుచుండగా, 1864 డిసెంబరులో ఆ పదునెనిమిదేండ్ల యువకుడు సాల్స్‌బరీ అను చోట ఖైదులో మరణించెను. తండ్రి ఆఫ్రికాలో బానిసత్వముతో పోరాడుచుండెను. కుమారుడు బానిసత్వమును అంతమొందించిన యుద్ధములో కూలెను. వారిరువురును ఒకరి మనస్సు ఒకరికి విప్పుకొనుటకు మాత్రము సమయము దొరకలేదు.

ఆ వేసవిలో ఆయన ఉత్తరపు కొండసీమకు వెళ్లి, సముద్రములో ఉల్వా అను చిన్న ద్వీపమున తన తాతగారి ఇల్లుండిన చోటును చూచిరి. అది పాడుబడియుండెను. అక్కడినుండి వచ్చిన పిదప వెబ్ గారు అను స్నేహితుడు ఆయనను న్యూస్టెడ్ ఆబీ అను తమ గృహమునకు పిలిచిరి. ఈ వెబ్ గారు పూర్వము ఆఫ్రికాలో వేటకు వచ్చి జ్వరముతో పడియుండగా లివింగ్‌స్టన్ గారు బండి కట్టుకొని పోయి పరామర్శించిరి. ఆ మేలు ఇప్పుడు తిరిగివచ్చెను. ఎనిమిది నెలలు ఆ ఇంటివారు ఆయనను, పదిహేడేండ్ల ఆగ్నెస్‌ను తమ సొంతవారివలె ఉంచుకొనిరి. ఆయన రెండవ గ్రంథము వ్రాయుచుండగా కుమార్తెయు, వెబ్ దొరసానిగారును దానికి శుద్ధప్రతి వ్రాసిరి. పాత ప్రయాణములలోని స్నేహితుడు ఆస్వెల్ గారు అచ్చుతప్పులు దిద్దిరి. చదువుకొను దినములనుండి మిత్రుడైన జేమ్స్ యంగ్ గారు పిల్లలకు అండగా నిలిచిరి. ఇల్లు లేని కుటుంబమునకు ప్రభువు ఇండ్లు ఇచ్చెను.

1865 జూన్ 18వ తేదీన తల్లి చనిపోయిరి. చాలా సంవత్సరములకు ముందు, తన కుమారులలో ఒకడైనను తన తలను సమాధిలో ఉంచవలెనని ఆమె కోరియుండిరి. తండ్రి అంత్యక్రియలకు లేని డేవిడ్ తల్లి అంత్యక్రియలకు ఉండగలిగెను. పిదప ఆస్వెల్ చదువు బడిలో పిల్లలతో మాటలాడుచు, దేవునికి భయపడి కష్టపడి పనిచేయుమని చెప్పిరి. స్కాట్లండులో ఆయన బహిరంగముగా పలికిన చివరి మాటలు అవే. ఆగస్టులో ఆగ్నెస్‌ను పారిస్ పట్టణమున చదువుకు చేర్చి, బొంబాయి మీదుగా ఆఫ్రికాకు వెళ్లిరి. ఇక తిరిగి రాలేదు.

వారు మోసికొని వచ్చిరి

కొలొబెంగు దినములను తలచుకొని తరువాతి కాలమున ఆయన ఒక్క విషయమునకు బాధపడిరి. పగలంతయు బోధించి, పనిచేసి, సాయంకాలమునకు అలసిపోయి తన చిన్నపిల్లలతో ఆడలేదనియు, ఆడుకొనదగిన పిల్లలుండగా ఆ పని తన విధియని తలంపలేదనియు, తాను దూరముగా ఉండగానే వారు పెద్దవారైరనియు వ్రాసికొనిరి. లోకము ఆయనను ఏ తప్పు లేనివానిగా నిలుప జూచెను. ఆయన మాత్రము తన్ను అట్లు నిలుపుకొనలేదు. ఇది మాకు ఆయనయందు ఎక్కువ గౌరవము కలిగించుచున్నది.

1871లో ఉజీజీ అను ఊరిలో స్టాన్లీ గారు ఆయనను కనుగొని ఇంటికి రమ్మని బ్రతిమాలిరి. ఆగ్నెస్ వ్రాసిన ఉత్తరము కూడ ఆయనకు చేరెను. తండ్రి రావలెనని తాను ఎంతగానో కోరుచున్నను, తన సంతోషము కొరకు పనిని సగములో విడిచి వచ్చుటకంటె ఆయన మనస్సుకు తృప్తిగా ముగించుటయే తనకు ఇష్టమని ఆమె వ్రాసెను. ఆ మాటలు చదివి తండ్రి పొంగిపోయెను. ఆరేండ్లుగా తండ్రి ముఖము చూడని కుమార్తె ఇచ్చిన కానుక అది. దాని వెల దేవునికే తెలియును.

1873 మే 1వ తేదీ తెల్లవారుజామున చితాంబో అను గ్రామములోని గుడిసెలో, మంచము ప్రక్కన మోకాళ్లమీద ప్రార్థించు భంగిమలో ఆయన చనిపోయియుండుటను సేవకులు కనుగొనిరి. సూసీయు చూమాయు వారితోనివారును ఆయన గుండెను అక్కడ ఒక చెట్టు క్రింద పాతిపెట్టి, దేహమును ఎండబెట్టి, గుడ్డలో చుట్టి, భుజములమీద మోసికొని బయలుదేరిరి. దారిలో తమవారు కొందరు చనిపోయినను విడువక, నెలల తరబడి నడచి, 1874 ఫిబ్రవరిలో సముద్రతీరమునకు తెచ్చిరి. లండనులో, సింహము నమిలిన ఎడమ చేతి ఎముకను చూచి ఆ దేహము ఆయనదేయని గుర్తుపట్టిరి. ఏప్రిల్ 18వ తేదీన వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేయునప్పుడు శవపేటికను పట్టుకొనినవారిలో వెబ్ గారు, ఆస్వెల్ గారు ఉండిరి. ఆయనకు ఇంటిలో చోటిచ్చినవారే చివరిసారి కూడ చేతులిచ్చిరి. ముసలివారైన మామగారు మోఫట్ గారు ప్రక్కన నిలిచిరి.

సూసీ, చూమా ఆ సమాధికి అందలేదు. అయినను యంగ్ గారు వారి ఖర్చులు భరించి ఆ సంవత్సరమే వారిని బ్రిటను రప్పించిరి. వారు న్యూస్టెడ్‌లో ఆ పిల్లలతో ఉండి, వారి తండ్రి కడవరి గుడిసె ఎట్లుండెనో అటువంటిదే కట్టి చూపిరి. తండ్రి చివరి దినములు పిల్లలకు తెలిసినది ఆఫ్రికా సహోదరుల నోటనే. ఇంటికి రాలేని తండ్రిని వారు రెండు విధముల ఇంటికి తెచ్చిరి: మొదట భుజములమీద, పిమ్మట మాటలతో.

మనకు వచ్చు మాట

ప్రియ సహోదరులారా, మార్కు సువార్త 10వ అధ్యాయములో ప్రభువు, తన నిమిత్తము ఇంటిని, తల్లిని, పిల్లలను విడిచినవానికి నూరంతలుగా ఇండ్లును తల్లులును పిల్లలును దొరకునని వాగ్దానము చేసి, దానితో హింసలు కూడ కలుగునని దాచక చెప్పెను. ఆ నూరంతలు ఆకాశమునుండి ఊడిపడవు. ఎవరో ఒకరు తలుపు తెరచినప్పుడే అవి దొరకును. వెబ్ గారి ఇల్లు, యంగ్ గారి సొమ్ము, సూసీ చూమాల భుజములు, ఇవే ఆ వాగ్దానము నెరవేరిన విధము. మేరీ గారు అద్దె గదులలో తిరిగిన దినములలో తలుపులు కొన్ని మూసియుండెననుటయు నిజమే. వాగ్దానము చేయుట దేవుని పని. గడియ తీయుట సంఘము పని.

మన సంఘములలో ఊరూరు తిరుగు సువార్తికుడున్నాడు. ఆయన వచ్చినప్పుడు కోడిని కోసి విందు చేయుదుము. ఆయన లేనప్పుడు ఆయన ఇల్లాలి పొయ్యి రాజినదో లేదో చూచితిమా? మన వీధులలో తండ్రి గల్ఫు దేశములో, తల్లి పట్నములో పనిచేయుచుండగా అమ్మమ్మ యొద్ద పెరుగు పిల్లలు ఎందరో ఉన్నారు. వారు మిషనెరీల పిల్లలు కాకపోవచ్చును. ఆకలియు ఒంటరితనమును ఒకటే. వారిని సండేస్కూలులో లెక్కకు మాత్రము చేర్చుకొనక, పండుగనాడు మన పంక్తిలో కూర్చుండబెట్టుకొందము.

ఇక దేవుని పనిలోనున్న తండ్రులకు ఒక మాట. స్వకీయులను సంరక్షింపనివాని గూర్చి పౌలు తిమోతికి వ్రాసిన కఠినమైన మాట మనమెరుగుదుము. లివింగ్‌స్టన్ గారి పిలుపు నిజమైనది. ఆయన దుఃఖము కూడ నిజమైనది. ఆ దుఃఖమును మనము తిరిగి కొనుక్కొననవసరము లేదు. కూటములు ముగించుకొని వచ్చిన రాత్రి, నిద్రబోవు పిల్లవాని తలమీద చెయ్యివేసి ప్రార్థించుట కూడ పరిచర్యయే. మరునాడు ప్రొద్దున వానితో గోలీలాడుటయు పరిచర్యయే.

121వ కీర్తన చదివి ఇల్లు విడిచినవానిని ప్రభువు కాపాడెనా? కాపాడెను. ఆయన త్రోవలో మాత్రమే కాక, ఆయన తెలియక విడిచిన ఖాళీలలో కూడ మనుష్యులను నిలిపి కాపాడెను. అట్టి మనుష్యులుగా మనలను నిలుపుమని వేడుకొందము.

ప్రార్థన: మా పోక రాకలెరిగిన తండ్రీ, నీ పని నిమిత్తము దూరముగా ఉన్నవారిని జ్ఞాపకము చేసికొనుము. వారి ఇంటివారి కన్నీటిని మాకు కనుపరచుము. మా తలుపులు వారికి తెరచునట్లు, మా పిల్లలకు మా సమయమిచ్చునట్లు మాకు మనస్సు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.